కిటికి కింద స్టూలు

నేను చదివింది ఐదు దాక. అచ్చరాలు కూడబలుక్కుంట చదువుత, రాసుడు అంటె అప్పట్ల దస్తఖత్ దాక్నే. ఈ ముచ్చట రాయి రాయి అని నా బిడ్డ ఎన్నేండ్ల సంది చెవుల ఇల్లు కట్టుకోని పోరుతున్నది. తప్పులుంటె నేను దిద్దుత అన్నది. దిద్దొద్దన్న. దిద్దితె అది నేను చెప్పినట్టు ఉండదు. ఒకసారి నేను చెప్పింది ఇంకొకరు దిద్ది రాస్తె ఏమైందో, ఆ ముచ్చటనే ఇది.

తొంభై రెండో, తొంభై మూడో. ఏడాది సరిగ యాదిలేదు. యూనివర్సిటీ క్యాంపస్ లోపల, చెట్ల నడుమ ఒక హైస్కూలు ఉండె. తెలుగు మీడియం. హాస్టళ్లల్ల వంట చేసెటోళ్లు, మాలీలు, ఆఫీసులల్ల ప్యూన్లు, వాళ్ల పిల్లలే అండ్ల ఎక్కువ. నేను ఆడ ఆయమ్మ. గంట కొట్టుడు, క్లాసులు ఊడ్సుడు, బోర్డులు తుడుసుడు, కుండలల్ల నీళ్లు నింపుడు నా పని. టెంపరవరి. నా బిడ్డ అదే స్కూల్ల పదో తరగతి. మేము ఉండేది తార్నాకల, చౌరస్తా వెనక బస్తీల ఒక్క రూము. మా ఆయన కాచిగూడ గోదాంల మూటలు మోసెటోడు.

ఆ ఏడు సగంల సాంఘికం చెప్పే మేడం కాన్పుకని లీవుల పోయింది. ఆమె జాగల ఒక సారొచ్చిండు. కర్నూలు దిక్కు మనిషి. ముప్పయేండ్లు గూడ ఉండవు. ఆయనను చూసిన మొదటి దినమే నాకు అనుమానం కొట్టింది. ఎందుకంటె భుజానికి గుడ్డ సంచి. అప్పుడు క్యాంపస్‌ల గుడ్డ సంచి ఏస్కోని తిరిగెటోళ్లు ఎవరో అందరికి ఎరుకనే. గోడల మీద ఎర్ర రంగుతోని రాసెటోళ్లు, బంద్ అంటె ముందుగాల గేటు కాడ నిలవడెటోళ్లు. వాళ్ల కోసం గేటు బయట మామూలు బట్టలల్ల నిలవడే పోలీసోళ్లు గూడ ఉంటుండె. రెండు జాతులోళ్లు ఒకే తీరు చాయి తాగుతుండె, ఒకే తీరు బీడీ కాలుస్తుండె. ఎవరు ఎవరో చెప్పుడు కష్టం.

ఈ సారు ఏ జాతో నాకు అర్థం కాలే. రెండిట్ల ఏదో ఒకటి. పంతులు మాత్రం కాదనుకున్న. పంతులైతె కొడుతడు గద. ఈయన ఒక్కణ్ణి గూడ కొట్టలే. కట్టె అడిగి తీస్కోపోయిండు, తీస్కోపోయి పటం చూపియ్యనీకె వాడిండు.

ఆ పటం తోనే మొదలైంది నాకు ఇంకింత అనుమానం. పదో తరగతి గోడకు పాత ప్రపంచ పటం ఉండె. ఒకనాడు మధ్యాన్నం నీళ్ల కుండ తీస్కోని పోతే సారు కుర్చి మీద ఎక్కి, పటం మీద తెల్ల కాయిదం ముక్కలు అతికిస్తుండు. టిఫిన్ డబ్బల అన్నం మెతుకులు నలిపి, దానితోని.

"సార్, అది స్కూలు సామాను. హెడ్ మేడం చూస్తె ఊకోదు," అన్న.

"ఏంచేసేది మా, ఈ దేశం ఇప్పుడు లేదు. లేని దేశాన్ని పిల్లోల్లకు చూపిస్తే తప్పు కాదా?"

"దేశం యాడికి పోతది సార్?"

ఆయన కుర్చి మీదికెల్లి నా దిక్కు చూసి నవ్విండు. "అదే నేను గూడ నిన్న పిల్లోల్లను అడిగినా. వాళ్లు నీ మాదిరే నోరు తెరిచినారు."

పటంల సగం ఆ ఒక్క దేశమే ఉండె. అంత పెద్ద దేశం లేదంటె ఎట్ల నమ్మాలె? కాయిదం ముక్కల మీద ఆయన ఏవో కొత్త పేర్లు రాసిండు, ఒక్కటి నోరు తిరగదు. ఏదో దాస్తుండనుకున్న. తెల్లారి చూస్తె ఆ మెతుకులకు చీమలు పట్టినయ్. రష్యా మీద చీమల బారు. అది గూడ నేనే దులిపిన.

పొద్దుగాల్ల నేను స్కూలుకు పోయే తొవ్వల తార్నాక చౌరస్తా కాడ ఇరానీ హోటల్ ఉండె. సారు రోజు అండ్ల మూలకు కూసొని ఉండెటోడు. ముందట ఒక చాయి, రెండు పేపర్లు. రెండెందుకు? వార్త ఒక్కటే గద. చేతిల ఎర్ర పెన్సిలు. ఈ పేపర్ల ఒక గీత, ఆ పేపర్ల ఒక గీత. గీత గీసి మల్ల తలకాయ ఎత్తి రోడ్డు దిక్కు చూసెటోడు. నేను కనవడితె నమస్తె పెట్టెటోడు. ఒక ఆయమ్మకు సారు ముందుగాల నమస్తె పెడుతడా? నేను కొంగు సర్దుకోని జల్ది జల్ది రోడ్డు దాటుతుంటి.

ఆ పేపర్లు క్లాసుకు తెచ్చెటోడు. పిల్లలను గూడ తెమ్మనెటోడు. ఇంట్ల పేపరు వేయించుకునెటోళ్లు మా దాంట్ల ఎవరున్నరు? మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాయిదమైనా తెండి, తారీకు ఉంటె చాలన్నడట. నూనె మరకల కాయిదాలు బెంచీల మీద పరుచుకోని చదువుడు. ఒకసారి క్యాంపస్‌ల బంద్ అయ్యింది. ఒక పేపర్ల వేలమంది వచ్చిన్రని ఉన్నది, ఇంకో పేపర్ల కొందరు వచ్చిన్రని ఉన్నది. సారు రెండు చదివిపించి అన్నడట, "మీరు దావలోనే ఉంటిరి గదా. మీరు చూసింది మీరు రాయండి." నా బిడ్డ ఇంటికొచ్చి రెండు పేజీలు రాసింది. నేను దాన్ని చింపి పొయిల పెట్టిన. బంద్ గురించి నువ్వు రాసిన కాయిదం ఎవని చేతికన్న దొరికితె? అది ఏడ్సుకుంట మల్ల రాసింది, ఈసారి రాసినంక గుండ్రంగ చుట్టి బ్లౌజుల పెట్టుకోని పోయింది.

నేను అంత ఎందుకు భయపడ్డనో చెప్పాలె.

మాది కరీంనగర్ దిక్కు పల్లె. నా పెండ్లి అయినంక, బిడ్డ ఇంక చంకల ఉన్నప్పుడు నేను తల్లిగారింటికి పోయిన. మా ఊరి బడి గోడ మీద ఎవరో పొద్దుగాల వరకు ఎర్ర రంగుతోని పెద్ద పెద్ద అచ్చరాలు రాసి పోయిన్రు. జీపు వచ్చింది. జనమంత గుమిగూడిన్రు. జీపు దిగినాయన, "ఏం రాసుందిరా ఇక్కడ? మీలో చదువొచ్చినోడెవడు?" అని అడిగిండు. మా అన్న ఏడు దాక చదివిండు. మా ఇంట్ల అందరికన్న ఎక్కువ. గోడ ముందట నిలవడి పెద్ద గొంతుతోని చదివిండు. ఆ అచ్చరాలల్ల మొదటిది విప్లవం అనే మాట. అంతే. చదువొచ్చినోడివి కాబట్టి రాసింది గూడ నువ్వే అని జీపుల ఎక్కిచ్చుకోని పోయిన్రు.

మూడో దినానికి వచ్చిండు. కుడి చెవు ఇనవడకుండ అయ్యింది. వాళ్లు ఏం అడిగిన్రని మేమడిగితె చెప్పిండు. నీకెవడు చెప్పిండు? నీకెట్ల ఎరుక? దీనికి నీకేమిచ్చిన్రు? మూడే మాటలు, తిప్పి తిప్పి అడిగిన్రట.

ఇగ ఇప్పుడు సారు ముచ్చట. ఒకనాడు సాయంత్రం నేను పదో తరగతి బోర్డు తుడుస్తున్న. పై మూలకు డబ్బ కొట్టి మూడు మాటలు రాసున్నయ్. పక్కన 'చెరపొద్దు' అని. కూడబలుక్కుంట చదివిన. ఎవరు చెప్పినారు? వాళ్లకెట్ల తెలుసు? చెప్తే వాళ్లకేం వస్తాది?

చేతిల గుడ్డ కింద పడ్డది. అవే మూడు మాటలు. ఇన్నేండ్లకు, మా ఊరికి గింత దూరంల, నా బిడ్డ క్లాసుల.

అయితె ఈయన పోలీసోళ్ల మనిషి అనుకున్న. గుడ్డ సంచి వేషం. అదే వారంల బిడ్డ ఇంటికొచ్చి నోట్‌బుక్కు తెరిచి నా ముందట కూసున్నది.

"అమ్మా, మీ ఊర్ల నువ్వు చిన్నగున్నప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పు. నీ కండ్లతోని చూసింది. రాస్కోని రమ్మన్నడు సారు."

"అందరి ఇండ్లల్ల అడగమన్నడా?"

"అందరి ఇండ్లల్ల. అది గూడ చరిత్రనే అంట."

"మా ఊర్ల ఏం కాలే అని రాయి."

"ఏం కాని ఊరుంటదా? మామ చెవు ఎట్ల పోయింది మరి?"

"తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు."

బిడ్డ పెన్ను నోట్ల పెట్టుకోని నన్నే చూసింది. "తాటిచెట్టు మీదికెల్లి పడితె కాళ్లిరుగుతయ్ గాని చెవెట్ల పోతది?"

ఒక్కటి పీకిన. ఏడుస్తది అనుకున్న. ఏడ్వలే. 'మా అమ్మ చెప్పలేదు' అని రాసుకున్నది.

ఆ తెల్లారే హెడ్ మేడం నన్ను రూముకు పిలిచింది. తలుపు దగ్గరికేయమన్నది.

"చూడమ్మా, ఆ కొత్త సోషల్ సారు సంగతి. ఇళ్ల సంగతులన్నీ ఎందుకు అడుగుతున్నాడని ఒక పిల్లవాడి తండ్రి వచ్చి గొడవ చేశాడు. నాకూ అనుమానంగానే ఉంది. నువ్వు వరండాలో తిరుగుతూ ఉంటావుగా. క్లాసులో ఏం చెప్తున్నాడో కాస్త విని నాకు చెప్పు."

"నాకేం సమజ్ అయితది మేడం?"

"అర్థమైనంతే చెప్పు." మల్ల అన్నది, "పర్మనెంట్ చేసేవాళ్ల జాబితా పైకి పంపాలి. నీ పేరు నా మనసులో ఉంది."

నేను ఉరుక్కుంట ఒప్పుకున్న. ఇప్పుడు అనుకుంటె సిగ్గయితది గాని, అప్పుడు అది నాకు తప్పు లెక్కనే అనిపియ్యలే. ఆ సారు ఎట్లైన మంచోడు కాదు, నా అనుమానానికి మేడం అనుమానం తోడయ్యింది, అంతే అనుకున్న.

ఆ దినం సంది ఆయన పాఠం ఉన్నప్పుడల్ల పదో తరగతి కిటికి బయట చీపురు పట్టుకోని ఉంటుంటి. ఊడ్సిందే ఊడ్సుడు. ఆ వరండ ఆ నెల ఉన్నంత సాఫ్‌గ ఎన్నడు లేదు. గాజులు చప్పుడు గావొద్దని మోచేతి దాక ఎక్కిచ్చుకుంటుంటి. లోపల ఆయన చెప్తుండె. ఏదో దేశంల రొట్టె దొరకక ఆడోళ్లు రాజు ఇంటి మీదికి నడిచి పోయిన్రట, వానల, పొద్దంత. పోయి రాజును తీస్కొచ్చిన్రట. "మీ ఇండ్లల్ల బియ్యం లేకపోతే మీ అమ్మోల్లు యాడికి నడుస్తారు?" అని అడిగిండు. ఒక పిల్ల లేచి, "రేషన్ షాపుకు సార్" అన్నది. క్లాసంత నవ్విండ్రు. నాకు గూడ నవ్వొచ్చింది, నోట్ల కొంగు పెట్టుకున్న.

అప్పుడే ఆయన అన్నడు. విప్లవం అని. ఒక్కసారి కాదు, ఒక్క గంటల పది సార్లన్న అన్నడు. తెల్లారి మల్ల అదే మాట, ఈసారి ముందట ఇంకేదో జోడించి.

పోలీసోడు ఆ మాటను అంత ఇష్టంగ చెప్పడు. అయితె ఈయన అడవిల అన్నల మనిషే. సంచి వేషం కాదు, అసలుదే.

ఆ వారమే ఇంకోటి జరిగింది. నేను నిలవడే కిటికి కింద ఒక స్టూలు వచ్చి కూసున్నది. ల్యాబుల ఉండే మూడు కాళ్ల స్టూలు. ఎవరేసిన్రు? నేను అది తీసి ల్యాబుల పెట్టిన. తెల్లారి మల్ల కిటికి కిందనే ఉన్నది. ఇంకింత తలుపుకు దగ్గరగ. కిటికి రెక్క గూడ ఇదివరకు సగమే తెరిచి ఉండేది, ఇప్పుడు బార్ల తెరిచి ఉన్నది. సారు గొంతు గూడ పెద్దగైంది. నాకు అర్థమైపోయింది. నేను ఇంటున్నట్టు దొరికిపోయిన. నన్ను ఎక్కిరిస్తుండు, కూసోని విను, పోయి చెప్పుకో అని. ఆ స్టూలు మీద నేను ఒక్కనాడు కూసోలే. దాని పక్కనే నిలవడి ఊడ్సిన.

శనివారం మేడంకు చెప్పిన. రోజు విప్లవం అంటుండు మేడం. రాజును ఇంట్లకెల్లి గుంజుకొచ్చిన్రని చెప్పిండు. మీ అమ్మోల్లు ఏం చేస్తరు అని పిల్లలను అడిగిండు. మేడం రాసుకున్నది. మొఖం ఏమంత మారలే. అది నాకు అప్పుడు దిమాకుకు రాలే.

"సరే. సోమవారం ఆఫీసు నుంచి ఒకాయన వస్తారు. ఆయన ముందు నువ్వు చెప్తే చాలు. ఇతన్ని ఆ రోజే పంపించేస్తాం. తరవాత పైవాళ్లు చూసుకుంటారు."

పంపిచ్చేస్తె పోతడు, తన ఊరికి పోతడు అనుకున్న గాని, పైవాళ్లు చూసుకునుడు అంటె ఏందో నేను చూసినదాన్నే గద.

ఆయితారం చర్చికి పోయొచ్చినం. మా తార్నాక చర్చిల పాటలు అయినంక సాక్ష్యం చెప్పెటోళ్లు ఒక్కొక్కలు లేచి నిలవడుతరు. నాకిది జరిగింది, నేనిది చేసిన, అని అందరి ముందట చెప్తరు. నేను పదేండ్ల సంది పోతున్న గాని ఒక్కసారి లేవలే. అందరి ముందట మాట్లాడాలంటె భయం. ఆ దినం గూడ కూసునే ఉన్న.

మధ్యాన్నం నేను బియ్యం ఏరుతున్న. బిడ్డ గడప మీద కూసోని పెద్దగ చదువుతున్నది. తెల్లారి దానికి పరీక్ష.

"పారిశ్రామిక విప్లవం వలన..."

నేను చాట పక్కకు పెట్టి పోయి దాని నోటి మీద చెయ్యి పెట్టిన. "మెల్లగ. పక్క రూమోళ్లు వింటరు."

అది నా చెయ్యి తీసేసింది. "వింటె ఏమైతది? పక్క రూము పిల్ల గూడ గదే చదువుతున్నది."

నిజంగనే గోడ అవతలికెల్లి అదే మాట ఇనవడుతున్నది.

"ఆ మాట ఎవరు చెప్పిన్రు మీకు? సారేనా?"

"సారు చెప్పుడు కాదమ్మా, పుస్తకంల ఉన్నది."

"ఏ పుస్తకం? ఆయన సంచిలదా?"

"మా సాంఘికం పుస్తకం. సర్కారుది." అట్ట తిప్పి చూపిచ్చింది. నేను ఆ పుస్తకానికి పేపరు అట్ట ఏసిన, లోపల ఏమున్నదో మాత్రం ఎన్నడు చూడలే. "ఇగో. చదువు. నీకొస్తది గద."

వేలు పెట్టి చదివిన. పా, రి, శ్రా, మి, క. దాని పక్కన ఆ మాట. మా ఊరి గోడ మీద ఉన్న మాట. నల్ల సిరతోని, సక్కగ, వంకర లేకుండ. కింద ఒక బొమ్మ, నూలు వడికే మిషన్‌ది. ఇంకింత కింద బొగ్గు గురించి, ఆవిరి ఇంజన్ గురించి.

"గింతేనా ఇది? మిషన్లా?"

"గింతే. ఐదు మార్కులది. ఇంకోటి ఫ్రెంచి వాళ్లది ఉన్నది, రొట్టె కోసం నడిచిండ్రే, అది. అది గూడ ఐదు మార్కులదే. అమ్మా, నీకేమైంది?"

నేను గడప మీద దాని పక్కన కూలవడ్డ. మొత్తం చెప్పిన. కిటికి, స్టూలు, మేడం, జాబితా, సోమవారం వచ్చే ఆఫీసాయన. మామ చెవు ముచ్చట గూడ చెప్పిన. బిడ్డ పుస్తకం మూసింది. తర్వాత మెల్లగ అడిగింది.

"ఎవరు చెప్పిన్రమ్మా, సారు విప్లవం నేర్పుతుండని?"

"నేనే."

"నీకెట్ల తెలుసు?"

"కిటికి కాడ విన్న. సగం సగం."

మూడోది అది అడగలే. అడిగితె బాగుండు. అడగకుండ పుస్తకం తీస్కోని పక్క రూము పిల్ల దగ్గరికి పోయింది. నేను ఏరిన బియ్యమే మల్ల ఏరిన.

సోమవారం పొద్దుగాల ఇరానీ హోటల్ల సారు ఉన్నడు. నమస్తె పెట్టిండు. ఆయనకేం తెల్వది. నేను నమస్తె పెట్టిన, అదే మొదటిసారి.

పరీక్ష గంట కొట్టినంక మేడం పిలిచింది. రూముల ఆఫీసాయన కూసోని ఉన్నడు. జేబుల రెండు పెన్నులు, ఒళ్లె ఫైలు. బల్ల మీద ఒక కాయిదం, అంత రాసి తయారుగున్నది. మేడం కింద ఒక జాగ చూపిచ్చింది.

"నువ్వు చెప్పిందే రాశాం. ఇక్కడ సంతకం పెట్టు, వెళ్లు. నీళ్లు నింపాలిగా."

పెన్ను చేతికిచ్చింది. నాకు ఆ నిమిషం మా అన్నే యాదికొచ్చిండు. చదువొస్తది అని చెప్పినందుకే గద ఆయన చెవు పోయింది. చదువు రానట్టు దస్తఖత్ గీకి పోతె నాకేం కాదు. జాబితాల పేరు ఉంటది. కాయిదం నా ముందటికి జరుపుకున్న. వేలు పెట్టిన.

"ఏం చేస్తున్నావు?" అన్నది మేడం.

"చదువుతున్న మేడం."

"అదంతా ఎందుకు, టైం అవుతోంది."

"సదరు... ఉపా... ధ్యాయుడు. సదరు అంటె ఏంది మేడం?" నాకు సదర్ అంటె దీపావళికి దున్నపోతులను అలంకరిచ్చి ఆడిపిచ్చే పండుగనే ఎరుక. ఆఫీసాయన కండ్లద్దాలు సర్దుకున్నడు, నవ్వుతున్నడో లేదో కనవడలే.

"సదరు అంటే ఆ టీచరేనమ్మా. చదువు, చదువు," అన్నడు.

చదివిన. చాలసేపు పట్టింది. సారు పిల్లలను విప్లవానికి రెచ్చగొడుతుండని ఉన్నది. ఇండ్ల వివరాలు జమ చేస్తుండని ఉన్నది. నేను కండ్లతోని చూసిన అని ఉన్నది.

నేను లేచి నిలవడ్డ. చర్చిల సాక్ష్యం చెప్పెటోళ్లు లేచినట్టు. కుర్చి పట్టుకున్న.

"నేను చూడలే సార్. విన్న. కిటికి బయటికెల్లి విన్న, సగమే విన్న. రెచ్చగొడుతుండు అని నేను అనలే, ఆ మాటనే నాకు నోరు తిరగదు. విప్లవం అన్నడు, అది మాత్రం నిజం. అది పుస్తకంల ఉన్నది." టిఫిన్ సంచిలకెల్లి బిడ్డ పుస్తకం తీసిన. పరీక్షకు పుస్తకం పనిలేదు గద, పొద్దుగాల్నే అడిగి తెచ్చిన. పేజీ మలిచి పెట్టుకున్న. "ఐదు మార్కులది."

ఆఫీసాయన పేజీ చూసిండు. పేపరు అట్ట తీసి పుస్తకం పేరు చూసిండు. మేడం దిక్కు చూసిండు. "మేడం, ఇది సిలబస్సే కదా."

"ఆ ఒక్క మాటే కాదండీ, ఇంకా చాలా..."

"ఈమె ఏం విన్నదో ఈమెనే రాయనివ్వండి."

"ఆమెకేం రాయడమొస్తుంది?"

"చదివింది గదా," అన్నడాయన, తెల్ల కాయిదం ఇచ్చి.

నా జిందగిల దస్తఖత్ కాకుండ మొదటిసారి రాసింది అదే. ఆయన చాయి తాగుడు అయిపోయింది, కప్పు మీద ఈగ వాలింది, నేను ఇంకా రాస్తనే ఉన్న. మూడు వరుసలు. చెప్పింది నేను. కిటికి కాడ విన్న, పాఠం అని నాకు తెల్వలే. చెప్తె పర్మనెంట్ అయితదన్నరు. కింద దస్తఖత్. అచ్చరాలు ఒకటి చిన్నగ, ఒకటి పెద్దగ. మేడం అది చదివి బల్ల మీద పెట్టింది. ఆఫీసాయన రెండు కాయిదాలు ఫైల్ల పెట్టుకోని పోయిండు.

సారును పంపియ్యలే. పెద్ద పరీక్షలు అయ్యేదాక ఉన్నడు. జాబితాల నా పేరు రాలే. మేడం అసలు ఆయనను ఎందుకు పంపియ్యాలనుకున్నది, ఆ మాట పుస్తకంల ఉన్నదని ఆమెకు ముందుగాల్నే ఎరుకనా, ఆ జాగల ఇంకెవరినన్న తేవాలనుకున్నదా, నాకు చాల అనుమానాలున్నయ్. ఒక్కదానికి గూడ నా దగ్గర ఆధారం లేదు. అందుకని రాస్తలేను.

ఆ మధ్యాన్నమే సారు దగ్గరికి పోయిన. కుండ కాడ నీళ్లు తాగుతుండు. గ్లాసు కింద పెట్టేదాక ఆగి మొత్తం చెప్పిన, వరుసగ, మేడం పిలిచినకాడికెల్లి. ఆయన చివరిదాక విన్నడు. తిడితె బాగుండు.

"స్టూలు ఎవరేసిన్రు సార్?" అని అడిగిన చివరికి.

"నేనే ఏసినా."

"నేను ఇంటున్నది మీకు ఎరుకనా?"

"చీపురు చప్పుడు ఒక్క తావే వస్తా ఉంటే తెలీదా మా." గ్లాసు కుండ మీద బోర్లిచ్చిండు. "నువ్వు పాఠం వింటాండావనుకున్నా. కాళ్లు నొప్పి పుడతాయని స్టూలు ఏసినా. సరిగా వినపడాలని గట్టిగ చెప్పినా."

తర్వాత క్లాసుకు పోయిండు. ఆయన పోయేటప్పుడు భుజం మీద ఆ సంచి ఊగుతుండె. అండ్ల ఏముంటదని నేను ఇన్నాళ్లు అనుకున్ననో అది గూడ అడగలేకపోయిన.

తెల్లారి పాఠం టైముకు నేను చీపురు పట్టుకోని వరండలకు పోయిన. కిటికి కింద స్టూలు లేదు. ఉండదనే అనుకున్న. ల్యాబుల చూసిన, ఆడ గూడ లేదు. గంట కొట్టి తిరిగొస్తె పదో తరగతి తలుపు బార్ల తెరిచి ఉన్నది. స్టూలు లోపల ఉన్నది, తలుపు పక్కన గోడకానుకోని, పటం కింద. పిల్లలందరు నా దిక్కు చూస్తున్రు. నా బిడ్డ మాత్రం పుస్తకంల చూస్తున్నది. సారు బోర్డు మీద రాస్తుండు, తిరగలే.

లోపల ఎందుకేసిండు? పాఠం వినమనా? కండ్ల ముందట ఉంటె మల్ల ఏం చాడీలు మోస్తనో చూద్దామనా? ఇప్పటికి నాకు తెల్వది. ఆయనను అడగలే, ఆయన చెప్పలే.

చీపురు బయట గోడకు పెట్టి లోపలికి పోయి కూసున్న.